తలుపు తీయకూడని పొయ్యి

మూడోది కూడా మాడిపోయింది.

పీరమ్మ దాన్ని పళ్ళెంలోకి బోర్లించింది. పైన బొగ్గు. కత్తి పెట్టి కోస్తే లోపల పచ్చిపిండి కత్తిని పట్టుకుని జిగటగా సాగింది. మధ్యలో పెట్టిన తీపి కొబ్బరి కనీసం వెచ్చబడనైనా లేదు.

ఆ సాయంత్రమే ఏడాది ఫాతెహా. కొడుకు పోయి ఏడాది; వాడికిష్టమైంది వండి పెట్టి, వాడి పేరు మీద ప్రార్థన చదివించాలి. నాలుగు రోజుల జ్వరం, అంతే. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు.

వాడికి దిల్‌పసంద్ అంటే ప్రాణం. రెండు పొరల రొట్టె మధ్య కొబ్బరి పెట్టి, పళ్ళెమంత గుండ్రంగా కాల్చి, ముక్కలు కోసి ఇస్తారే, అది. బేకరీల్లో దొరక్కపోదు. కానీ వాడు తల్లి చేతిది తప్ప ముట్టేవాడు కాదు. అందుకే తెల్లారినప్పటి నుంచీ పీరమ్మ ఆ పిండితో పెనుగులాడుతోంది.

పని చేతకాని మనిషేం కాదు. మార్కాపురంలో ఖాసిం ఉస్తాదు బేకరీలో పద్దెనిమిదేళ్ళు పనిచేసింది. బీరువా అంత కరెంటు ఓవెన్ ఉండేది అక్కడ. ఉస్తాదు నేర్పిన కొలతలన్నీ నోటుపుస్తకంలో రాసుకుంది. దిల్‌పసంద్ దగ్గర మూడే ముక్కలు రాసి ఉన్నాయి. నూట ఎనభై వేడి. అరగంట. మధ్యలో తలుపు తీయకూడదు.

ఆ మూడో ముక్క కింద రెండు గీతలు. చేరిన కొత్తలో ఒకసారి ఆత్రం పట్టలేక తలుపు తీసింది. పొంగుతున్న రొట్టెలన్నీ కళ్ళ ముందే కూలబడ్డాయి. ఉస్తాదు తిట్టలేదు. ఆ కూలిన రొట్టెలన్నీ మూటగట్టి ఆమె చేతిలో పెట్టాడు. వారం రోజులు ఇంట్లో అవే తిన్నారు. మళ్ళీ ఎప్పుడూ ఆమె తలుపు తీయలేదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు బేకరీ పోయింది. ఓవెన్‌ని పాత ఇనుము వాళ్ళు లాక్కెళ్ళారు. ఉస్తాదుకు కళ్ళు కూడా పోయాయి. పీరమ్మ ఇళ్ళల్లో వంటకు కుదిరింది. ఆ ఇళ్ళల్లోనే ఒక టీచరమ్మ, పెద్దది కొనుక్కున్నానని తన పాత ఎయిర్ ఫ్రయర్ ఈమెకిచ్చింది. గుమ్మడికాయంత ఉంటుంది. అరలా లాగితే గిన్నె బయటికొస్తుంది.

మొదటిసారి పుస్తకంలో రాసినట్టే చేసింది. పైన మాడింది, లోపల పచ్చి. రెండోసారి పైన నూనె కాగితం కప్పింది. లోపలి గాలికి కాగితం ఎగిరి ఎర్రటి తీగకు అంటుకుని కాలిపోయింది. మూడోసారి లోపల ఉడకాలని ఇంకో పది నిమిషాలు ఉంచింది. అదే ఈ బొగ్గు.

ఇంకొక్కదానికి సరిపడా పిండి మిగిలింది. దాన్ని తడిగుడ్డలో చుట్టి, కొబ్బరి డబ్బాలో వేసుకుని, ఆ పొయ్యిని గోనెసంచిలో పెట్టుకుని ఉస్తాదు ఇంటికి నడిచింది.

గుమ్మంలోనే ఉస్తాదు కోడలు జైనబ్బీ ఎదురైంది.

"ఏందక్కా ఆ సంచి? ఎవరి కోడిని పట్టుకొచ్చావు?"

పీరమ్మ నవ్వలేదు.

లోపల మంచం మీద కూర్చున్న ఉస్తాదు తల తిప్పాడు. "పీరమ్మేనా? మాడిన వాసన ముందొచ్చింది, నువ్వు వెనకొచ్చావు."

ఆమె సంచి దించి ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది. జరిగిందంతా చెప్పింది.

"నాకు చేతకాలేదు ఉస్తాద్. బతికుండగా వాణ్ణి కాపాడుకోలేకపోయా. పోయాక ఒక్క రొట్టె కూడా పెట్టలేకపోతున్నా. ఇంకెందుకు నేను? దేనికి పనికొస్తా?"

"అవేం మాటలక్కా," అంది జైనబ్బీ. "బేకరీ నుంచి తెచ్చి పెడితే వద్దంటాడా వాడు? మామా, నువ్వైనా చెప్పు."

ఉస్తాదు మంచం అంచుకి జరిగాడు. రెండు చేతులూ చాపాడు. పీరమ్మ ఆ పొయ్యిని ఆయన ఒళ్ళో పెట్టింది. పసిబిడ్డను తడిమినట్టు దాన్ని చుట్టూ తడిమాడు. అర లాగి లోపలికి చెయ్యి పెట్టి చూశాడు.

"ఇదెట్టా కాలుద్ది?"

"పైన తీగ ఎర్రబడుద్ది. ఫ్యాను తిరిగి ఆ వేడిగాలిని తోలుద్ది."

"వడగాలి అన్నమాట."

"అంతే ఉస్తాద్."

"వడగాలిలో నిలబడితే ముందు ఏది కందుద్ది?"

"మొహం," అంది పీరమ్మ.

"పిండి ఇటు తే."

ఆయన పిండిని నిమ్మకాయలంత ముద్దలు చేయడం మొదలుపెట్టాడు. కళ్ళు లేకపోయినా వేళ్ళకి అన్నీ తెలుసు. ఒక్కో ముద్దను అరచేతిలో పలచగా నొక్కి, లోపల కొబ్బరి పెట్టి మూశాడు.

"అయ్యో, అట్టా కాదు ఉస్తాద్. దిల్‌పసంద్ అంటే పళ్ళెమంత ఉండాల. మీరు నేర్పిందే కదా."

ఆయన చేతులు ఆగలేదు. ఆరు ముద్దలయ్యాయి. వాటి మీద తడిగుడ్డ కప్పి, అవి పొంగేదాకా ఊరికే కూర్చున్నాడు. తర్వాత గిన్నెలో నాలుగే పెట్టాడు, ఒకదానికొకటి తగలకుండా.

"మిగతా రెండు?"

"తర్వాత. గాలి తిరగాలి కదా. నూట అరవై పెట్టు. పన్నెండు నిమిషాలు."

పొయ్యి బుస్సుమంది. ముగ్గురూ ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు. ఉస్తాదు ఒక చెయ్యి దాని వెనక, వేడిగాలి బయటికొచ్చే చోట పెట్టి ఉంచాడు.

కాసేపటికి అన్నాడు. "ఇప్పుడు తియ్యి."

"ఏంది?"

"తలుపు."

పీరమ్మ వెనక్కి జరిగింది. "ఆరు నిమిషాలే అయింది. కూలిపోతాయి."

"తియ్యమ్మా."

"నేను తీయను. పద్దెనిమిదేళ్ళు మీ మాట మీద ఉన్నా. లోపల ఏమవుతున్నా సరే తలుపు తీయకూడదన్నారు. ఒక్కసారి తీస్తే ఏం జరిగిందో నాకు తెలుసు."

"అది ఆ పొయ్యికి చెప్పిన మాట."

ఆమె కదల్లేదు. ఆయనే తడుముకుంటూ పిడి పట్టుకుని అర లాగాడు. వేడి ఆయన మొహానికి కొట్టింది. జైనబ్బీ "మామా, చెయ్యి!" అని అరిచింది. ఆయన వినిపించుకోలేదు. నాలుగింటినీ వేళ్ళ కొసలతో ఒక్కొక్కటిగా నొక్కి చూసి, తిరగేసి, మళ్ళీ మూశాడు.

ఏవీ కూలలేదు.

పన్నెండు నిమిషాలకు బయటికి తీస్తే ఎర్రగా, సమంగా కాలి ఉన్నాయి. పీరమ్మ ఒకదాన్ని విరిచింది. లోపల పొరలు పొరలుగా ఉడికింది. కొబ్బరి వెచ్చగా ఉంది.

ఆమె మొహంలో వెలుగేమీ రాలేదు.

"ఇవి వాడు తిన్నట్టు లేవు," అంది.

"లేవు," అన్నాడు ఉస్తాదు. "ఆ ఓవెన్ పోయింది తల్లీ. అట్టాంటిది ఇక రాదు."

ఎంత మామూలుగా అన్నాడంటే, ఆమెకు ఏడవడానికి కూడా సందు దొరకలేదు.

మసీదు నుంచి సాయంత్రపు అసర్ అజాన్ వినిపించింది. ఫాతెహా ఇక్కడే చదువుదామన్నాడు ఉస్తాదు. నమాజు అయ్యాక జైనబ్బీ చాప పరిచి, గ్లాసుతో నీళ్ళు పెట్టి, ఊదుబత్తి వెలిగించింది. మిగిలిన మూడింటినీ పళ్ళెంలో పెట్టారు. ఉస్తాదు చాప మీద కూర్చుని చేతులెత్తాడు.

"ఎవరి పేరు మీద?"

"వాడి పేరు మీద," అంది పీరమ్మ.

"వాడంటే?"

జైనబ్బీకి కోపమొచ్చింది. "నీకు తెలీదా మామా? వాడి చెవిలో అజాన్ చెప్పి పేరు పెట్టింది నువ్వే కదా! ఎందుకు ఆమెను..."

ఉస్తాదు కోడలి వైపు మొహం తిప్పాడు. జైనబ్బీ ఆగిపోయింది.

నలభయ్యో రోజు ఫాతెహాకు పీరమ్మ మరిది చెప్పాడు ఆ పేరు. ఆస్పత్రి కాగితాల్లో ఇంకెవరో రాశారు. ఈ ఏడాదిలో తల్లి నోటి నుంచి అది ఒక్కసారీ రాలేదు. ఎవరడిగినా మా వాడు అనేది, అంతటితో పెదవులు బిగించేది.

"చెప్పలేను ఉస్తాద్," అంది. "నోరు తెరిస్తే కూలిపోతా."

ఆయన ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచాడు. ముసలి చేతులు, మోచేతుల దగ్గర వణకడం మొదలుపెట్టాయి. అయినా దించలేదు. ఊదుబత్తి సగానికి కాలింది. బూడిద వంగి, వంగి, చాప మీద రాలింది.

పీరమ్మ ఆ వణుకు చూస్తోంది.

"మౌలాలి," అంది.

గొంతు పగిలి సగమే వినపడింది. ఇంకోసారి అంది. తర్వాత నేల మీదికి వంగిపోయి, ఏడాది నుంచీ ఏడవని ఏడుపు ఏడ్చింది. జైనబ్బీ లేవబోతే ఉస్తాదు తల అడ్డంగా ఊపాడు. ఆ ఏడుపు వింటూనే ఆయన ఫాతెహా చదివాడు, మౌలాలి పేరు మీద.

ఎంతసేపయిందో. పీరమ్మ లేచి కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. పళ్ళెంలో మూడే ఉన్నాయి. తడిగుడ్డ కింద రెండు ముద్దలు ఇంకా మిగిలి ఉన్నాయి.

వాటిని గిన్నెలో ఎడంగా పెట్టి పొయ్యి వేసింది. చేతి వెనక భాగంతో కళ్ళు ఒత్తుకుంటూ ఆ చప్పుడు వింది.

ఆరు నిమిషాలకు, ఎవరూ చెప్పకుండానే, తలుపు తీసింది.

"కొబ్బరి తక్కువైంది ఉస్తాద్," అంది, రెండింటినీ తిరగేస్తూ. "ఇంత తక్కువైతే మౌలాలి తినడు."

"ఊ," అన్నాడు ఉస్తాదు.