కోనమ్మ దాచిన బొమ్మ

అనగనగా ఒక వాగు. వాగుకి ఎగువన రాచవీడు, దిగువన పాయపల్లె. రాచవీడుకి మల్లదేవుడని ఒక రాజున్నాడు. పాయపల్లెకి రాజు లేడు, కోనమ్మ అనే పెద్దమ్మ ఉంది. ఊరంతా ఆమె మాట వినేది. విసుక్కుంటూనే వినేది.

ఒక ఏడు రాజుకి కొత్త తోట మీద మనసైంది. వాగుకి అడ్డకట్ట వేసి నీళ్ళన్నీ తోటకి మళ్ళిస్తానన్నాడు. అదే జరిగితే పాయపల్లెలో నారుమళ్ళ సంగతి అటుంచండి, గొంతు తడుపుకోవడానికీ చుక్క ఉండదు. కోనమ్మ కోటకెళ్ళి మొరపెట్టుకుంది. ఆ సీమలో ఒక ఆనవాయితీ ఉంది. నీళ్ళ తగువు కత్తిదాకా పోకూడదు, మరుగాటలో తేలాలి. మూడు ఆటలు. రెండు గెలిచినవాళ్ళదే వాగు.

మరుగాట అంటే ఏంటంటారా? పీట మీద గళ్ళుంటాయి. అటొక సేన, ఇటొక సేన. కొయ్యబొమ్మలకి ముఖం ఒకవైపే చెక్కుతారు, వీపులన్నీ ఒకటే నలుపు. నీ బొమ్మల ముఖాలు నీకే కనిపిస్తాయి, ఎదుటివాడికి వీపులే. ఒకసారికి ఒక బొమ్మని ఒక గడి జరపాలి. ఎదుటి బొమ్మని తాకితే రెండింటినీ తిప్పి చూస్తారు. చిన్నది బుట్టలోకి పోతుంది, సమానమైతే రెండూ పోతాయి.

అందరికన్నా పెద్ద సేనాపతి. తర్వాత ఏనుగు, గుర్రం, బంటు, పలుగువాడు. అట్టడుగున వేగులవాడు. కానీ వాడు తానుగా వెళ్ళి తాకితే సేనాపతి ఒక్కడు కూలిపోతాడు, మిగతా ఎవరి ముందూ వాడు నిలవడు. జెండా కదలదు, గుంత కదలదు. గుంతలో కాలుపెట్టినవాడు ఎవడైనా పోయినట్టే, ఒక్క పలుగువాడు తప్ప. వాడు గుంత పూడ్చేస్తాడు. ఎదుటివాడి జెండా అందుకుంటే ఆట ముగిసినట్టు.

మొదటి ఆటలో రాజు తన ముగ్గురు పలుగువాళ్ళనీ ముందుకు తోశాడు. వాళ్ళు చస్తే ఎదురుగా ఉన్నదెవరో తెలుస్తుంది, అంతకుమించి వాళ్ళకేం పని అన్నాడు. కోనమ్మకీ ఆ మాట నిజమే అనిపించింది. ఆమె కూడా అలాగే తోసింది. చివరికి ఆమె ఏనుగు రాజుగారి జెండా పక్కదాకా వెళ్ళి, అక్కడున్న గుంతలో పడింది. రాజు సేనాపతి తీరిగ్గా నడిచొచ్చి ఆమె జెండా ఎత్తుకుపోయాడు.

రెండో ఆటలో ఆ సేనాపతే కనిపించిన బొమ్మనల్లా కొట్టుకుంటూ వచ్చాడు. కొట్టిన ప్రతిసారీ తన ముఖం బయటపడుతోందని రాజుకి పట్టలేదు. కోనమ్మ వేగులవాడు పక్కగడిలోంచి మెల్లగా తాకాడు. సేనాపతి బుట్టలో పడ్డాడు. రాజుకి కోపమొచ్చింది, ఆట చెదిరింది. జెండాకి ఒక పక్క గుంత లేదు. ఆమె గుర్రం అటునుంచే దూరింది.

చెరొకటి అయ్యింది. మజ్జిగ తాగే వేళకి కోనమ్మ మరిది చెన్నప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు. ఈసారైనా ఏనుగుల్ని కాపాడుకోమని, పలుగువాళ్ళని ఎరగా వేయమని ఊరందరి తరఫునా చెప్పాడు.

"మొదటిసారి అదే చేశాను కదయ్యా," అంది కోనమ్మ. "గుంతదాకా వెళ్ళాక నా దగ్గర ఏనుగే మిగిలింది. ఏనుగుతో గుంత పూడుతుందా?"

"పూడదులే. అయినా ఏనుగు ఏనుగే వదినా."

"సరే, మజ్జిగ తాగు," అంది. తన ముగ్గురు పలుగువాళ్ళని ముఖం కూడా చూడకుండా పోగొట్టుకున్న సంగతే ఆమె మనసులో మెదులుతోంది.

మూడో ఆటలో రాజు జెండాని మూల గడిలో దాచి, రెండు పక్కలా గుంతలు పెట్టాడు. ఎంతసేపైనా అతని చెయ్యి ఆ మూలకి పోకపోవడం కోనమ్మ కనిపెట్టింది. తన జెండానీ ఆమె అలాగే గుంతల మధ్య దాచింది. రాజు అలవాటు చొప్పున పలుగువాళ్ళని ముందే పంపేశాడు. గడిచిన రెండాటల్లో వాళ్ళ అవసరమే పడలేదు మరి. ముగ్గురూ బుట్టలో పడ్డారు.

కోనమ్మ మాత్రం ఒక పలుగువాణ్ణి నడుమ పెట్టి, అటూఇటూ ఏనుగులతో ఆ మూలవైపు నడిపింది. వాడి మీదికొచ్చిన ప్రతి దెబ్బకీ ఒక ఏనుగుని అడ్డం పెట్టింది. ఒకటి పోయింది. రెండోదీ పోయింది. వెనక నిలబడ్డ పల్లెవాళ్ళకి ముఖాలు కనిపిస్తున్నాయి కానీ నోరు విప్పకూడదు. చెన్నప్ప కండువా నోట్లో కుక్కుకున్నాడు.

రాజు పీటని చూడలేదు, చెన్నప్ప ముఖాన్ని చూశాడు. ఏనుగులే ప్రాణాలిస్తున్నాయంటే ఆ బొమ్మ సేనాపతి కాక ఇంకెవరని లెక్కేసుకున్నాడు. దాచుకున్న వేగులవాణ్ణి తెచ్చి, గుంత పక్కకి చేరిన ఆ బొమ్మకి తాకించాడు.

రెండు బొమ్మల్నీ తిప్పారు. భుజాన పలుగు పెట్టుకున్న మనిషి.

వేగులవాడు బుట్టలోకి పోయాడు. కోనమ్మ పలుగువాణ్ణి ఒక గడి జరిపింది. గుంత పూడింది, వెనకాలే జెండా. రాజు చెయ్యి పీట మీద అటూఇటూ తిరిగింది. అతని పెద్దలంతా కోనమ్మ గుంతల దగ్గరున్నారు, వాళ్ళలో ఒకణ్ణి ఎటో ఒక గడి జరిపాడు. కోనమ్మ జెండా అందుకుంది.

"నీకు మిగిలినవి నాలుగు బొమ్మలు," అన్నాడు రాజు నెమ్మదిగా. "నాకు సేనాపతి ఉన్నాడు, ఏనుగులున్నాయి."

"ఉన్నారు రాజా. నా గుంత ముందు నిలబడి ఉన్నారు."

రాజు బుట్టలో చెయ్యిపెట్టి తన ముగ్గురు పలుగువాళ్ళనీ బయటికి తీశాడు. ముఖాలు తనవైపు తిప్పి వరసగా నిలబెట్టాడు. మొన్నటి యుద్ధంలో సేనకి ముందు దారి తవ్వడానికెళ్ళిన పనివాళ్ళు ఎంతమంది తిరిగొచ్చారని పక్కనున్న దళవాయిని అడిగాడు.

దళవాయి తెలియదని, వాళ్ళని ఎవరూ లెక్కపెట్టలేదని చెప్పాడు.

"ఇవాళే వెళ్ళి ఇంటింటికీ అడిగి రా," అన్నాడు రాజు. వాగు పాయపల్లెకే వదిలేశాడు.

చిన్నవాడేగా అని ముందే పోగొట్టుకుంటే, చివరి అడుగు దగ్గర ఎంత పెద్దవాళ్ళున్నా దారి దొరకదు.