కాలవలో మునిగిన కారు

కొవ్వూరు యజ్ఞన్న అవధానిగారి దగ్గర వాదన నడవదు. ప్రశ్న అడిగినవాణ్ణి కాసేపు చూసి, తనకు తెలిసిన ఎవరికో జరిగిన సంగతి చెప్పి ఊరుకుంటారు. ఒక సాయంత్రం ఆయన శిష్యుడు నృసింహం, కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, ఇలా అడిగాడు: "గురువుగారూ, ఎదుటివాడి మీద అసూయతో మనసు ఉడికిపోతున్నప్పుడు నిజం చెబితే దానికేం విలువ? ముందు మనసు కడుక్కోవాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి కదా?"

అవధానిగారు ఉత్తరీయం సర్దుకుని చెప్పడం మొదలుపెట్టారు.

తణుకులో కోదండం అని ఒక ఎరువుల వ్యాపారి ఉన్నాడు. అతని తోడల్లుడు ఉమాపతి అదే ఊళ్లో ప్లీడరు. ఉమాపతి చెడ్డవాడు కాడు. కోదండానికి అదే కష్టంగా ఉండేది. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని హాయిగా నిద్రపోయేవాడు. అత్తవారింట్లో ఏ వ్యవహారం వచ్చినా మామగారు "ఉమాపతిని ఒక మాట అడుగుదాం" అనేవారు. ఉమాపతి కొత్త కారు కొన్నాక మామగారు గుడికైనా ఆస్పత్రికైనా అందులోనే వెళ్లేవారు. ముందు సీట్లో కూర్చుని, కోదండం కొట్టు దగ్గరికి రాగానే నవ్వుతూ చెయ్యూపేవారు. ఆ పూట కోదండానికి అన్నం సయించేది కాదు.

తన కారు మార్చి, ఉమాపతి దానికంటే పెద్దది కొనాలనుకున్నాడు. కాని తన కారుకో కథ ఉంది. అంతకు ముందటేడు ఏలూరు నుంచి ఒంటరిగా వస్తూ దాన్ని కాలవలోకి దించేశాడు. తను ఈదుకుంటూ బయటపడ్డాడు గాని, కారు అద్దాల దాకా మునిగిపోయింది. పైకి లాగించి, రాజమండ్రిలో బాగుచేయించి, సీట్లు కూడా మార్పించాడు. ఇంట్లో మాత్రం సర్వీసింగుకి ఇచ్చానన్నాడు. తెలిస్తే ఉమాపతి జాలిపడతాడు, ఆ జాలి తను భరించలేడు. ఎండల్లో కారు బ్రహ్మాండంగా నడిచేది. జోరువాన పడితే మాత్రం ఒక్కోసారి ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయేది. ఆగిందంటే స్టీరింగు బిగుసుకుపోయేది, బ్రేకు ఎంత తొక్కినా సరిగా పడేది కాదు.

షోరూములో పాత బండ్లు చూసే అతను బానెట్ ఎత్తి, అటూ ఇటూ చూసి, "ఎప్పుడైనా గుద్దుకోవడం, నీళ్లలో మునగడం లాంటివి జరిగాయాండీ?" అని అడిగాడు.

"వాన చినుకు కూడా పడనివ్వలేదండీ," అన్నాడు కోదండం.

పాత కారు ఇచ్చేసిన కొన్నాళ్లకి కొత్త కారు వచ్చింది. దాన్ని నేరుగా మామగారింటికి తోలాడు. ఉమాపతి ముఖం ఒక్క క్షణం మాడితే చాలు, పెట్టిన ఖర్చంతా గిట్టినట్టే. ఉమాపతి కారు చుట్టూ తిరిగి చూసి, వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"చాలా బాగుందన్నయ్యా! నీ పాత కారు షోరూములో పెట్టారని తెలిసి మా మాణిక్యానికి కొనేశాను. స్కూలుకి అదే తోలుకెళుతుంది. మెకానిక్కి చూపిద్దామన్నారెవరో. మా అన్నయ్య వాడిన బండికి చూసేదేముందన్నాను."

మాణిక్యం ఉమాపతి భార్య, కోదండం భార్యకి చెల్లెలు. ఆమె పాఠాలు చెప్పే స్కూలు అత్తిలి దారిలో, కాలవగట్టు రోడ్డు మీద ఉంది. కోదండానికి మాట నోటి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే మామగారు అరుగు మీద నుంచి, "చూశావా, తెలిసిన చోట కొన్నాడు! తెలివంటే ఉమాపతిదేనయ్యా," అన్నారు. వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. "మంచి బండి," అన్నాడు కోదండం.

వానాకాలం వచ్చింది. మబ్బు పట్టిన ప్రతి ఉదయం అతను కొట్టు మెట్ల మీద నిలబడి రోడ్డుకేసి చూసేవాడు. చెబుదామని ఉమాపతి ఇంటి దాకా వెళ్లేవాడు, అక్కడ ఆ నవ్వుముఖం చూసి వేరే కబుర్లు చెప్పి వచ్చేవాడు. ఆ కారు ఉమాపతి తోలుతుండగా, నలుగురి ముందు ఆగిపోతే ఎంత బాగుండునో అని ఒకసారి అనుకున్నాడు. ఆ ఊహకి తనే ఉలిక్కిపడ్డాడు.

ఒక పొద్దున కుండపోత వాన. మాణిక్యం కొట్టు ముందు నుంచి వెళుతూ, "వెళ్లొస్తా బావగారూ!" అని కేకేసింది. వెనక సీట్లో ఆమె పిల్లలిద్దరూ ఉన్నారు. కోదండం కొట్టు తీసింది తీసినట్టే వదిలేసి తన కారెక్కాడు. దారంతా హారను కొడుతూనే ఉన్నాడు. ఆమె పలకరింపనుకుని చెయ్యూపి సాగిపోయింది. కాలవగట్టు మొదట్లో దాటిపోయి, కారు అడ్డంగా పెట్టి, గొడుగైనా లేకుండా దిగాడు.

"దిగమ్మా, పిల్లల్ని దింపు. ఈ కారు కాలవలో మునిగింది. వానకి ఆగిపోతుంది."

మాణిక్యం బిత్తరపోయింది. "ఆయనకి తెలుసా?"

"తెలీదు. షోరూము వాళ్లకీ తెలీదు. అడిగితే లేదన్నాను."

"మాకైనా ఎందుకు చెప్పలేదు బావగారూ?"

"మీ ఆయన్ని చూస్తే నాకు మంట. ఇప్పటికీ మంటే. ముందు దిగు!"

మర్నాడు కోదండం ఉమాపతిని వెంటబెట్టుకుని షోరూముకి వెళ్లాడు. అందరి ముందూ ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ కారు తనే వెనక్కి తీసుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఉమాపతి, "నా మీద కోపముంటే నన్ను తిట్టాల్సిందన్నయ్యా," అని నెమ్మదిగా అన్నాడు. ఆ నెమ్మది చూసి కోదండానికి మళ్లీ కడుపు రగిలింది. ఈ మంచితనం కూడా ఇతనికే ఇవ్వాలా దేవుడు అనుకున్నాడు.

అవధానిగారు అక్కడ ఆపారు.

నృసింహం కొంచెం నిరాశగా, "అంటే, అంత జరిగినా అతని అసూయ పోనేలేదా గురువుగారూ?" అన్నాడు.

"కోదండం నా దగ్గరికొచ్చి చెప్పుకున్నప్పుడు నేనా మాట అడగలేదు నాయనా," అన్నారు అవధానిగారు లేస్తూ. "పిల్లలు బాగా తడిశారా అనడిగాను."