కంబగిరి శాస్త్రి చీటీలు

వీరభద్రయ్యకు ఆరేళ్ళుగా ఒకటే కోరిక. మఠం భాండారం తాళంచెవి తన మొలకు వేలాడాలి.

తుంగభద్ర ఒడ్డునున్న ఆ మఠంలో ఒక ఆచారం ఉంది. పండితుడెవరైనా కాలం చేస్తే ఆయన కాగితాలన్నీ ఒక టేకు పెట్టెలో పెట్టి భాండారంలో దాస్తారు. తాళంచెవి కావాలనుకున్న శిష్యుడు అలాంటి పెట్టె ఒకటి సర్ది, పండితుల ముందు తెరిచి చూపించి మెప్పించాలి. వీరభద్రయ్య వంతుకు కంబగిరి శాస్త్రి పెట్టె వచ్చింది. రాతిశాసనాలు చదవడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడని పేరు. ఇంకేం, తాళంచెవి చేతికొచ్చినట్టేనని వీరభద్రయ్య పొంగిపోయాడు.

పెట్టె తెరిచాక ఆ పొంగు చల్లారింది. పైన నాలుగు శాలువలు, రెండు సన్మానపత్రాలు. కిందంతా చీటీలు. ఊళ్ళవాళ్ళు రాళ్ళమీద కాగితం అద్ది తెచ్చిన అచ్చులు చూసి శాస్త్రిగారు రాసుకున్నవి. ఊరిపేరు, తారీఖు, దాని కింద చిన్న మాట. "రెండో వరుస తెలియలేదు." "రాజు పేరు తెలియలేదు." "ఏమీ తెలియలేదు. వెళ్ళి చూడాలి." అలాంటివి రెండొందలకు పైనే ఉన్నాయి.

ఇంత పెద్దాయన పరువు నా చేతుల మీదుగా పోవాలా అని వీరభద్రయ్యకు నిజంగానే దుఃఖం వచ్చింది. శాలువలు దులిపి మడతపెట్టాడు. చీటీలన్నీ బుట్టకెత్తి, స్నానాలకు నీళ్ళు కాచే పొయ్యి వైపు నడిచాడు.

వసారాలో గురువు శివలింగస్వామి ఎదురయ్యారు.

"ఏమప్పా, బుట్ట యాడికి పోతాంది?"

"పొయ్యిలోకి స్వామీ. శాస్త్రిగారికి తెలియనివన్నీ ఇందులో ఉన్నాయి. రేపు పండితులు చూస్తే బాగుండదు."

"అట్లనా. బరువుగా ఉన్నట్టుందే. ఈడ పెట్టి కాసేపు కూర్చో."

స్వామివారు బుట్టను తన పీట పక్కకు జరుపుకున్నారు.

అప్పుడే పక్క ఊరి నాగులమ్మ చేతిలో చుట్టిన కాగితంతో వచ్చింది. గేదెల కొట్టానికి పునాది తవ్వుతుంటే రాతల రాయి బయటపడిందట. అదేమిటో తెలిసేదాకా కట్టొద్దని ఊరంతా అంటోందట. బడి అయ్యవారు అచ్చు తీసిచ్చాడు.

"కొట్టం కట్టుకోవచ్చునో కూడదో చెప్పండి సామీ. ఎనుములు వానకు తడుస్తాండాయి."

స్వామివారు శిష్యుణ్ణి చూపించారు. "మావాడు చదువుతాడులేమ్మా."

వీరభద్రయ్య కాగితం విప్పాడు. మొదటి వరుసలో స్వస్తి శ్రీ అని ఉంది. రెండో వరుసలో ఏదో ఊరిపేరు. మూడో వరుస మొత్తం అరిగిపోయింది. అసలు సంగతి అక్కడే ఉండాలి. అక్కడితో ఆగొచ్చు. కానీ ఎదురుగా గురువుగారు, తెల్లారితే తాళంచెవి. గొంతు సవరించుకున్నాడు.

"ఇది ఒక మహారాజు వేయించిన దానశాసనం."

"యా రాజు సామీ?"

"చాలా గొప్ప రాజు. అక్కడ గుడి కూడా ఉండేది."

"గుడా!" నాగులమ్మ గబగబా చెంపలు వేసుకుంది. "అట్లయితే కొట్టం వద్దే వద్దు సామీ. ఆ తావంతా దేవునికే ఇడిచిపెడతా. ఎనుములను అమ్మేస్తా, ఇంకేం జేద్దాం."

వీరభద్రయ్య నోట పుట్టిన గుడి కోసం ఒక ఇంట్లో పాడి లేకుండా పోతోంది. దిక్కుతోచక గురువు వైపు చూశాడు.

స్వామివారు బుట్టలో చెయ్యి పెట్టి, నింపాదిగా వెతికి, ఒక చీటీ తీసి అందించారు.

"ఇది నీకు పనికొస్తుందేమో చూడప్పా. శాస్త్రిగారి దగ్గర శానా ఉండె."

"మూడో వరుస తెలియలేదు. రాయి దగ్గరికి వెళ్ళి చూడాలి" అని ఉంది అందులో.

వీరభద్రయ్య రెండుసార్లు చదివాడు. ముందు సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది.

"అమ్మా, మూడో వరుస నాకు తెలియలేదు. రాజునీ గుడినీ నేనే కల్పించాను. పద, రాయి దగ్గరికే వచ్చి చూస్తాను."

"ఓయబ్బా! ఆ మాట ముందే చెప్పుంటే నా గుండె జారిపోయేది కాదు గదప్పా!" అని నాగులమ్మ ఫక్కున నవ్వింది.

రాయిని కడిగి, ఏటవాలు ఎండలో ఎంత చూసినా మూడో వరుస అంతుపట్టలేదు. రాయిని ఉన్నచోటే ఉంచి, కొట్టాన్ని నాలుగు మూరలు పక్కకు జరిపి కట్టుకోమన్నాడు వీరభద్రయ్య. ఆమె ఇచ్చిన చెంబెడు మజ్జిగ తాగి, అక్కడే కూర్చుని ఒక చీటీ రాసుకున్నాడు.

మర్నాడు పెట్టె తెరిస్తే శాలువలు అడుగున ఉన్నాయి, చీటీలు పైన ఉన్నాయి. పండితులు శాలువల దాకా పోనేలేదు. ఒక ముసలి పండితుడు ఒక చీటీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, "ఇది మా ఊరి రాయి! ఈ వరుస నాకు తెలుసు!" అని పసివాడిలా కేకేశాడు. శాస్త్రిగారు రాసిన నలభై ఏళ్ళకు ఆ చీటీ కింద జవాబు పడింది. భోజనాలకు లేవమని వంటవాళ్ళు మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

అందరూ వెళ్ళాక స్వామివారు తాళంచెవిని శిష్యుడి మొలతాటికి కట్టారు. వీరభద్రయ్య తన చీటీ బయటికి తీశాడు.

"స్వామీ, దీన్నీ శాస్త్రిగారి పెట్టెలో వేసేదా?"

"అది ఆయన పెట్టె. నీది ఆ తలుపు వెనకాల ఉంది చూడు. నువ్వొచ్చిన ఏడాదే చేయించి పెట్టినా."

తలుపు వెనక దుమ్ము పట్టిన టేకు పెట్టె. శాస్త్రిగారి దానికంటే మూరెడు పెద్దది. వీరభద్రయ్య మూత ఎత్తి, ఖాళీ పెట్టెలోకి చూశాడు.

"ఒక్క చీటీకి ఇంత పెద్ద పెట్టెనా స్వామీ?"

"ఒక్కదాంతో ఆగుతుందా అప్పా?" అన్నారు స్వామివారు.