ప్రసంగం నేర్చిన పెట్ట

సంఘపెద్ద జకర్యాగారి దొడ్డికీ చర్చి కిటికీకీ మధ్య ఒక్క సపోటా చెట్టే అడ్డం. ఆ చెట్టు కింద చుక్కల పెట్ట తన ఆరు పిల్లల్ని వేసుకుని తిరుగుతూ, ప్రతి ఆదివారం పాస్టరుగారి ప్రసంగం ఆమెన్ దాకా వినేది. విన్నది విన్నట్టు అప్పజెప్పగలదు. ఆ సంగతి దొడ్డిలో అందరికీ తెలుసు. అందరికంటే ఎక్కువగా దానికే తెలుసు.

ఆ ఆదివారం పాస్టరుగారు రోజుల గురించి చెప్పారు. తెల్లవారితే దేవుడు మన దోసిట్లో ఒక రోజు పోస్తాడనీ, పొద్దుగూకాక దాన్నేం చేశావని అడుగుతాడనీ చెప్పారు. పెట్టకు కళ్ళు చెమర్చాయి. చివర్లో ఒక ప్రకటన కూడా చేశారు. వచ్చే ఆదివారం ఆరాధన కాగానే పేట పేటంతా మూడు రోజుల సభలకు ట్రాక్టర్ల మీద బయలుదేరుతుంది.

ఆ మాట వినగానే పెట్ట పిల్లల్ని రెక్కల కిందికి పిలుచుకుంది. రోజూ సందెవేళ జకర్యాగారి భార్య దీనమ్మ పిల్లల్ని గంప కింద మూసి పైన రాయి పెడుతుంది. ఆ మూడు రోజులూ గంప మూసేవాళ్ళుండరు. కంచె అవతల నక్క ఉంది. ఈలోగా పిల్లలకు చెట్టెక్కడం రావాలి.

"వారం ఉందిగా పిల్లా," అంది ముసలి ఎద్దు. ట్రాక్టరు వచ్చాక దానికి పని తప్పింది, రోజంతా పాత బండి పక్కన గుంజకు కట్టేసి ఉంటుంది. "ముందు నాగలి మీదికి ఎగరడం నేర్పు. తర్వాత ఈ బండి నొగ మీదికి. అక్కణ్ణించి సపోటా కొమ్మ ఎంతో లేదు. పొద్దున చల్లపూట నేర్పితేనే వస్తుంది, ఎండెక్కితే పిల్లలు రెక్క ఎత్తవు."

"రేపే మొదలుపెడతా తాతా," అంది పెట్ట.

సోమవారం తెల్లారేసరికి కంచె సందులోంచి ఒక మూతి కనబడింది.

"అక్కయ్యా, భయపడకు. లోపలికి రాను, కుక్క ఉందిగా," అంది నక్క. "నిన్న ఏం వాక్యం చెప్పారో అడిగిపోదామని వచ్చా. నాబోటి పాపిని గుళ్ళోకి ఎవరు రానిస్తారు చెప్పు? రెండు నిమిషాలు చెప్తే నీకు పుణ్యం."

నక్క వినయం ఎంతటిదో పెట్టకు తెలియక కాదు. కానీ అడిగింది వాక్యం. కాదనడానికి నోరు రాలేదు. ఎత్తుగడ నుంచీ ఎత్తుకుని అంతా చెప్పింది. దోసిట్లో రోజు దగ్గరికి వచ్చేసరికి నక్క కళ్ళు మూసుకుంది.

"ఎంత మాట! ప్రకటనలేమైనా చేశారా అక్కయ్యా?"

పెట్ట అదీ చెప్పింది. అప్పటికి ఎండెక్కింది.

మంగళవారం నక్క మళ్ళీ వచ్చింది. "దోసిట్లో రోజు అన్నావే, ఆ ముక్క ఇంకోసారి చెప్పక్కయ్యా. రాత్రంతా అదే తలుచుకున్నా." బుధవారం సందేహాలు తెచ్చింది. గురువారం, శుక్రవారం కన్నీళ్ళు తెచ్చింది. పిల్లలు నాగలి చుట్టూ పురుగులేరుకుంటూ తిరిగాయి.

"పిల్లా," అంది ఎద్దు, "మాటలు కోటలు దాటుతున్నాయి, కాలు గడప దాటడం లేదు."

పెట్టకు రోషం వచ్చింది. "ఊసుపోక కబుర్లు చెప్తున్నానా తాతా? దేవుడి మాట చెప్తున్నా."

"దేవుడు నీకు నోరొక్కటే కాదు, ఆరు పిల్లల్ని కూడా ఇచ్చాడు," అంది ఎద్దు. పెట్ట అటు తిరిగిపోయింది.

శనివారం పొద్దున దీనమ్మ వసారాలో దుప్పట్లు మూట కట్టడం చూశాక గానీ దానికి తెలివి రాలేదు. కంచె దగ్గర్నించి "అక్కయ్యా" అన్న పిలుపు వినబడినా పలకలేదు. పిల్లల్ని నాగలి మీదికి తరిమింది. ముక్కుతో పొడిచింది, తను ఎగిరి చూపించింది, బతిమాలింది. ఎండ మండుతున్నా ఆపలేదు. ఆదివారం గంట కొట్టినా కిటికీ కిందికి పోలేదు.

ట్రాక్టర్లు కదిలాయి. కుక్క వాటి వెనకే పరుగెత్తింది. పేట నిశ్శబ్దమైంది.

పొద్దు వాలేసరికి అయిదు పిల్లలు సపోటా కొమ్మ మీదున్నాయి. ఆరోది, అందరికంటే చిన్నది, బండి నొగ దాకా వచ్చింది. దాని రెక్కకు ఇంకా రెండు మూడు రోజుల సాధన కావాలి.

నక్క కంచె దూరి నడుచుకుంటూ వచ్చింది. ఈసారి వాక్యం అడగలేదు. ఎద్దు మెడ ఒరుసుకుపోయేలా పలుపు లాగింది. పెట్ట కొమ్మ మీంచి దూకి నక్క మొహం మీద పడింది. ఒక్క పంజా దెబ్బకు దూరంగా దొర్లింది. లేచి చూసేసరికి చిన్నది నక్క కాలి కింద ఉంది.

"నమ్మించి గొంతు కోశావు," అంది పెట్ట.

"నేను నీతో ఒక్క అబద్ధమైనా ఆడానా అక్కయ్యా?" అంది నక్క. "ప్రసంగం చెప్పింది నువ్వు. రోజులిచ్చింది నువ్వు. నాకు కావలసింది నీ పిల్లలని నీకు ముందే తెలుసు."

పిల్లను నోట కరుచుకుని కంచె దాటి పోయింది.

పెట్ట ఆ నొగ మీదే కూర్చుండిపోయింది. "తాతా, అయిదు రోజులు నా చేతులారా పారబోశాను. దేవుడు అడిగితే ఏం చెప్పను?"

"ఉన్నదున్నట్టు చెప్పు," అంది ఎద్దు. "పోయినవి రావు. ఆయన మనసు మంచిది, రేపొకటి ఇస్తాడు. దాన్ని పారబోయకు."

మర్నాడు పెట్ట పిల్లల్ని పై కొమ్మకు ఎక్కించింది. తర్వాతి రోజు ఇంకా పై కొమ్మకు. సభలు ముగిసి జనం తిరిగొచ్చారు. ఆదివారం వచ్చింది, వెళ్ళింది. సోమవారం తెల్లారగానే కంచె సందులో మళ్ళీ ఆ మూతి.

"అక్కయ్యా, నిన్న ఏం వాక్యం చెప్పారు?"

పెట్ట తల తిప్పలేదు. పిల్లలు ఒక్కొక్కటే కొమ్మ మీంచి పాక కప్పు మీదికి ఎగురుతున్నాయి. అది లెక్కపెట్టుకుంటోంది. అయిదు దాకా లెక్కపెట్టి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదటి పిల్లను పిలిచింది. నక్క ఎండెక్కేదాకా కాచుకుని, ఖాళీ కడుపుతో తుప్పల్లోకి పోయింది.

దేవుడిచ్చిన రోజును దేవుడి మాటలు చెప్తూ పాడుచేసినా, అది పాడైనట్టే.