తిప్పి చూడమన్నాడు నాంచారయ్య

తెలివికి పుట్టిల్లు ఏదంటే పెడనలో మా ఇల్లేనని ఎక్కడైనా ఘంటాపథంగా చెబుతాను. పుట్టిన మాట నిజం. తరవాత అత్తారింటికి వెళ్ళిపోయింది. ఆషాఢానిక్కూడా రాలేదు.

మా నాన్న మాత్రం ఈ మాట ఒప్పుకోడు. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివి. మన ఇంట్లో ఒక్క అక్షరం పొల్లుపోదు" అంటాడు. అదీ నిజమే. "అన్నం ఉడికిందేమో పట్టి చూడు" అని అమ్మ అంటే మా సోమలింగం బాబాయి పొయ్యి మీది గిన్నెని రెండు చేతులా పట్టుకుని, కళ్ళారా చూసి, "ఉడికింది వదినా, చేతులు కూడా ఉడికాయి" అన్నాడు. ఇందులో పొల్లు ఎక్కడుందో చెప్పండి.

నాన్న పేరు వీరభద్రం. కలంకారీ అద్దకానికి చెక్క అచ్చులు చెక్కుతాడు. అచ్చు మీదికి బొమ్మ గీసేది కోమలి వదిన. కాగితం మీద కాదు, లాప్‌టాప్ మీద. అది మామూలుది కాదు. మూత పూర్తిగా వెనక్కి మడిస్తే పలకవుతుంది. సగం మడిచి గుడారంలా నిలబెట్టినా నిలబడుతుంది. మనం ఎటు తిప్పినా లోపలి బొమ్మ తనంతట తాను తిరిగి నిటారుగా నిలుస్తుంది. మొన్న దాని మడత బందు విరిగితే బందరులో నాంచారయ్య అనే అతను బాగుచేసి ఇచ్చాడు.

శుక్రవారం మధ్యాహ్నం వదిన దాన్ని తెరిచింది. ఇంకేముంది, బొమ్మ తలకిందులు! వెనక్కి మడిచింది, పక్కకి వాల్చింది, బతిమాలింది. లాప్‌టాప్ తిరిగింది గానీ తెర తిరగలేదు.

అసలే ఆ సాయంత్రం అయిదింటికి హైదరాబాదు నుంచి చీరల దుకాణం సునందగారు వీడియో కాల్‌లోకి వస్తారు. అంచుకని వదిన గీసిన నెమలి ఆవిడకి నచ్చితే ఈ ఏడు చీరలన్నీ మా అచ్చుతోనే అద్దిస్తారు. నచ్చకపోతే ఇంకో ఊరు చూసుకుంటారు. నాన్న ఉలి పట్టి రెండు నెలలైంది. "తుప్పు ఉలికి పడుతోందే గానీ ఈయన నోటికి పట్టట్లేదు" అంటుంది అమ్మ.

అన్నయ్య ఊళ్ళో లేడు. ఇంట్లో తెలివితక్కువవాడు వాడొక్కడే. అందుకని బయటి పనులకి పంపిస్తుంటాం. పెళ్ళయిన కొత్తలో వదిన కూడా వాడిలాగే ఉండేది. ఈ మధ్యే మాలో కలిసింది.

బాబాయి నాంచారయ్యకి ఫోన్ చేశాడు.

"తిరగట్లేదా? ఫర్వాలేదండీ. ఒకసారి మూసి చూడండి."

బాబాయి మూశాడు. అందరం చుట్టూ కూర్చుని చూశాం.

"ఏమైందండీ?"

"ఏం కనబడట్లేదయ్యా."

"మూస్తే ఎలా కనబడుతుందండీ?"

"ఆ మాట ముందే అనాలి. చూడమన్నది నువ్వేగా!"

నాంచారయ్య ఫోన్ పక్కన పెట్టి మంచినీళ్ళు తాగొచ్చాడు. ఆ కాసేపూ మేం మూత వంకే చూశాం. ఆపమని అతను అనలేదు మరి.

"సరే, తెరిచి, దాన్ని ఓసారి తిప్పి చూడండి."

తిప్పడంలో అమ్మని మించినవాళ్ళు లేరు. గుప్పెడు ఉప్పు, అయిదు ఎండు మిరపకాయలు తెచ్చి లాప్‌టాప్ చుట్టూ కుడికి మూడుసార్లు, ఎడమకి మూడుసార్లు తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, బందరు దిష్టి" అంటూ తీసుకెళ్ళి పొయ్యిలో పడేసింది. అంతే, ఇల్లంతా మిరపకాయల కోరు. అందరం దగ్గాం, లాప్‌టాప్ తప్ప.

"దగ్గలేదంటే ఇది దిష్టి కాదు. దానికి ఒంట్లో బాలేదు" అని అమ్మ తేల్చేసింది.

"ఒంట్లో బాలేదంటయ్యా" అని బాబాయి ఫోన్లో చెప్పాడు.

"ఎవరికండీ?"

"నువ్వు బాగుచేసిన దానికే."

అటువైపు పెద్ద నిట్టూర్పు వినబడింది. "అయితే చదునుగా పడుకోబెట్టి చూడండి."

చాప పరిచాం. దిండు పెట్టాం. అమ్మ జో కొట్టింది. బాబాయి లాలిపాట ఎత్తుకుని, సగంలో తనే నిద్రపోయాడు. కాసేపటికి తెర కూడా ఆరిపోయింది. నాన్న ఫోన్ అందుకుని గుసగుసగా, "ఇద్దరూ పడుకున్నారయ్యా" అన్నాడు.

"ఇద్దరెవరండీ? కాస్త గట్టిగా చెప్పండి."

"గట్టిగా చెబితే లేస్తారు."

"లేపండి బాబూ! లేపి చూడండి!"

అమ్మ చెంబుడు నీళ్ళు పట్టుకొచ్చింది. నన్ను రోజూ లేపేది దాంతోనే. "అత్తయ్యా!" అని వదిన అడ్డం పడింది. చెంబు పక్కకి తిరిగింది. నీళ్ళు బాబాయి మీద పడ్డాయి.

"ఒకరు లేచారు" అని నాన్న ఫోన్లో చెప్పాడు.

వదిన ఏదో మీట నొక్కి రెండోదాన్ని లేపింది. నెమలి ఇంకా తలకిందులుగానే ఉంది. అప్పటికి నాలుగున్నర.

"మావయ్యా, ఆవిడొచ్చే వేళైంది. ఈ నెమలి పోతే ఈ ఏడింక మనకి పనుండదు" అంది వదిన.

"నెమలెక్కడికి పోతుందమ్మా? అందులోనే ఇరుక్కుని ఉందిగా" అని నాన్న ధైర్యం చెప్పాడు.

నాంచారయ్య గొంతు బాగా సన్నబడింది. "ఒక్కటే మిగిలిందండీ. తలకిందులుగా పెట్టి చూడండి."

మేం ఆలోచనలో పడ్డాం. లాప్‌టాప్‌కి తలెక్కడ? మూత తలా, అడుగు తలా?

"దాన్నే తిరగేసి పెడితే సరిపోతుందేమో మావయ్యా" అంది వదిన.

"దానికి తల ఎక్కడుందమ్మా? ఇది తల ఉన్నవాళ్ళు చెయ్యాల్సిన పని" అన్నాడు నాన్న.

బాబాయి పంచె బిగించి, గోడకి కాళ్ళు ఆనించి, తల కింద పెట్టాడు. అమ్మ లాప్‌టాప్‌ని ఎత్తి అతని కళ్ళెదురుగా పట్టుకుంది. బాబాయి చూశాడు. కేక పెట్టాడు.

"అన్నయ్యా! నెమలి నిలబడిందిరోయ్! అక్షరాలు కూడా నిలబడ్డాయి!"

నాన్న కూడా తల కింద పెట్టి చూసి, "ఏం పనిమంతుడివయ్యా నాంచారయ్యా! బాగుపడిపోయింది" అన్నాడు.

"హమ్మయ్య. ఇక దాన్ని వదిలెయ్యండి. నేను బయల్దేరుతున్నా, వచ్చి ఓసారి చూస్తా."

వదిలెయ్యమన్నాడు కదా. అమ్మ వదిలేసింది. కింద గుడ్డల మూట ఉండబట్టి లాప్‌టాప్ బతికింది. మూట మీద పడుకున్న పిల్లి మాత్రం మళ్ళీ వీధి చివర కనబడింది.

అయిదు కొట్టింది. తెర మీద సునందగారు, పాపం, తలకిందులుగా వచ్చారు.

"అయ్యో, ఆవిడ కప్పుకి వేలాడుతోందేవిటే! జుట్టు కిందికి జారదా?" అంది అమ్మ.

"నూనె దట్టంగా పెట్టి ఉంటుంది" అన్నాడు గోడ దగ్గర్నుంచి బాబాయి.

సునందగారు కళ్ళద్దాలు సవరించుకున్నారు. "ఏవిటండీ, మీ ఇంట్లో మగవాళ్ళు తలకిందులుగా ఉన్నారు?"

"మీకోసమేనమ్మా" అన్నాడు నాన్న, మొహం జేవురించి. "మీకంటే అలవాటై ఉంటుంది. మాకివాళే మొదలు."

వదిన గబగబా నెమలిని ఆవిడకి చూపించింది. ఆవిడ వైపు అది నిటారుగానే వెళ్ళినట్టుంది. చూసి పెదవి విరిచారు.

"గీత బాగుందమ్మా. కానీ ఇలాంటి నెమళ్ళు అందరి దగ్గరా ఉన్నాయి."

వదిన తల దించుకుంది. నాన్న కళ్ళ నీళ్ళు, తల కిందుంది కాబట్టి, నుదుటి మీదికి కారాయి.

"అలా కాదు తల్లీ" అన్నాడు నాన్న. "మీరూ ఒక్కసారి తలకిందులుగా పెట్టి చూడండి. మాకూ అలా చూశాకే బాగుపడింది."

సునందగారు చదువుకున్నావిడ. తలని ఉన్నచోటే ఉంచి, చేతిలో ఫోన్‌ని తిరగేశారు. చూశారు. ఇంకా దగ్గరగా చూశారు.

"అమ్మాయ్! కిందికి జారిన ఈ పింఛం అచ్చం జుంకాలా ఉందే! చీర అంచు పొడుగునా జుంకాలు... నాకిదే కావాలి. ఇలాగే, తలకిందులుగానే చెక్కించండి. ఈ ఏడు అన్నీ ఇవే."

ఇంకేముంది, బాబాయి పట్టలేని సంతోషంతో రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. తల మీద నిలబడ్డవాడు చేతులెత్తితే ఏమవుతుందో అదే అయింది. నాన్న మీద పడ్డాడు.

వాళ్ళని విడదీస్తుండగా నాంచారయ్య వచ్చాడు. లాప్‌టాప్‌ని అటూ ఇటూ చూసి, తెర మూల చిన్న తాళం బొమ్మ మీద వేలుతో నొక్కాడు. నెమలి గిర్రున తిరిగి నిటారుగా నిలబడింది.

"బందు బాగానే ఉంది. తిప్పితే కనిపెట్టే లోపలి సెన్సారూ బాగానే ఉంది. తెర తిరక్కుండా ఎవరో తాళం వేశారండీ, అంతే."

"ఎంత పని చేశావయ్యా! ఆవిడ మెచ్చిన నెమలిని లేపేశావా?" అని నాన్న లబోదిబోమన్నాడు.

"ఏం కాదు మావయ్యా. మామూలుగానే చెక్కండి. అద్దేటప్పుడు అచ్చుని తిప్పి పట్టుకుంటే అదే జుంకా" అంది వదిన.

"తిప్పి పట్టుకోమని ఆవిడ అనలేదమ్మా. తలకిందులుగా చెక్కమంది" అన్నాడు నాన్న.

మర్నాడు పొద్దున్నుంచీ గోడకి కాళ్ళు ఆనించి చెక్కుతున్నాడు. పొట్టు ముక్కులో పడుతోందట. తుమ్మినప్పుడల్లా నెమలికి కొత్త ఈక వస్తోంది.

అమ్మ బెంగ వేరు. తాళంచెవి లేకుండా తాళం తీసేవాణ్ణి లోకం ఏమంటుంది? నాంచారయ్య టీ తాగి గడప దాటేదాకా వెండి గ్లాసులు కొంగున కట్టుకుని కూర్చుంది.

ఇంత చెప్పాక ఇంకొకటి దాచడం బాగుండదు. తాళం వేసింది నేనే. గురువారం సాయంత్రం దాన్ని గుడారంలా, అంటే తెరని తిరగేసి, నిలబెట్టుకుని సినిమా చూస్తున్నాను. అందరం పెళ్ళికి బయల్దేరుతుంటే అమ్మ "అన్నిటికీ తాళాలు వేసి రారా" అంది. బీరువాకి వేశాను. తెర మీద తాళం బొమ్మ కనబడితే దానికీ వేశాను. వీధి తలుపుకి వేశాను. మర్నాడు వాళ్ళంతా తలకిందులవుతుంటే నోరు విప్పనిది భయపడి కాదు, తాళంచెవి దొరికాక చెబుదామని.

నీ లాప్‌టాప్ సంచీ కుట్లు విప్పింది ఎలుక కాదు వదినా. నేనే. అందులోనూ లేదు.