పాలు మానని బిడ్డ

ప్రశ్న అడిగినవారికి కూర్మయ్య గురువుగారు జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. ఆ పని చేసివచ్చాక కూడా జవాబు కావాలనిపిస్తే మళ్లీ అడగమనేవారు. అలా మళ్లీ అడిగినవారు తక్కువ. వంశధార ఒడ్డున ఆయన ఆశ్రమమంటే ఒక పెంకుటిల్లు, ఒక తాటాకు పందిరి, దాని వెనక వంటపాక. ఆయన సంసారి. శిష్యులూ సంసారులే. పొద్దంతా ఎవరి పనులు వారు చేసుకుని, సాయంత్రం ఆ పందిట్లో చేరి ఆయన చెప్పేది వినేవారు.

ఆ శిష్యుల్లో సూరీడమ్మ ఒకతె. ఆమె కొడుకు గవర్రాజుకి మూడో ఏడు నడుస్తోంది. అన్నం తింటాడు, మేకపిల్లల్ని తరుముతాడు, వచ్చీరాని మాటలతో పెద్దవాళ్లని ఎదిరిస్తాడు. కానీ అలిసినా, దెబ్బ తగిలినా, నిద్ర ముంచుకొచ్చినా తల్లి ఒడిలో చేరి పాలు తాగుతాడు. ఎందుకు మాన్పించలేదంటే సూరీడమ్మ దగ్గర పెద్ద కారణమేమీ లేదు. వాడికి కావాలి, తనకు ఉన్నాయి.

లోకానికి అది చాలలేదు. పందిట్లో వాడు కొంగు లాగగానే ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. "రేపు బళ్లో గంట కొట్టగానే పరిగెత్తుకొచ్చి తాగుతాడు కాబోలు" అని ఒకామె నవ్వేది. అందరిలోకీ గట్టి నోరు అచ్చియ్యమ్మది. ఆవిడ డెబ్బై దాటిన మనిషి, గురువుగారికి దూరపు చుట్టం, ఆశ్రమం పక్కనే చిన్న ఇంట్లో ఒంటరిగా ఉండేది. మాటకు చాటు తెలియదు.

"ఓలమ్మా, నోటినిండా పళ్లొచ్చిన గుంటడికి పాలేటే! సిగ్గు నేదా?" అని పందిరంతా వినబడేలా అనేది. సూరీడమ్మ బిడ్డను చంకనేసుకుని వంటపాక వెనక్కి పోయేది. చివరికి ఆమె భర్త రామినాయుడు కూడా, "నలుగురూ అంటన్నప్పుడు మానిపించీరాదా? నాకు తల కొట్టేసినట్టుంది" అన్నాడు. ఊరి మాటల్ని ఎలాగో మోస్తున్న మనిషి ఆ ఒక్క మాటతో కుంగిపోయింది.

ఆ మర్నాడు పాఠం ముగిశాక ఆమె గురువుగారి ఎదుట కూర్చుంది.

"బాబూ, బిడ్డడికి పాలు మానిపించమంటే మానిపిస్తాను. పందిట్లోకి రావద్దంటే రావడం మానీస్తాను. రెండూ చెయ్యకండా ఈ మాటలు పడడం ఎలాగో నాకు తెలీడం నేదు."

గురువుగారు తాడు పేనుతున్నారు. చేతులు ఆపకుండానే, "అచ్చియ్యమ్మ గుమ్మంలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేదాకా ఆవిడకి వండిపెట్టే దిక్కు లేదు. నువ్వెళ్లమ్మా. బిడ్డను తీసుకునే వెళ్లు" అన్నారు.

ఇది శిక్షేనేమో అనుకుంది సూరీడమ్మ. అయినా వెళ్లింది. అచ్చియ్యమ్మ కూరలో ఉప్పు దగ్గర్నుంచి వాకిట్లో ముగ్గు దాకా అన్నిటికీ వంక పెట్టింది. బిడ్డ పాలకు వచ్చినప్పుడల్లా సూరీడమ్మ పెరట్లోకి తప్పుకునేది. ముసలావిడ లోపలినుంచే సణిగేది.

ఒక మధ్యాహ్నం గవర్రాజు ఇసుకలో ఆడుకుంటుంటే, వాణ్ణి ముసలావిడకు అప్పగించి సూరీడమ్మ బట్టలు ఉతకడానికి ఏటికి వెళ్లింది. అక్కడ ఆలస్యమైంది. వాడు ఏడ్చి ఏడ్చి ఉంటాడనుకుంటూ గబగబా వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

అచ్చియ్యమ్మ గోడకు చేరబడి కాళ్లు చాపుకుని కూర్చునుంది. గవర్రాజు ఆవిడ గుండెల మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. వాడి చెయ్యి ఆవిడ పైటలోకి దూరి ఉంది. వాడి మోకాలు సరిగ్గా ఆవిడ కట్టు మీద ఆనుతోంది. ముసలావిడ నుదుటినిండా చెమట. అయినా కదలడం లేదు.

"మెల్లిగా రా. లేస్తాడు" అంది.

"కబురెడితే వచ్చీదాన్ని కదా, మామ్మా."

"నీ కోసం ఏడిచి ఏడిచి నా ఒళ్లోకొచ్చాడు. వెతుక్కున్నాడు. ఏటుందిక్కడ, ఎండిపోయిన తోలు. అయినా పడుకున్నాడు."

ఆవిడే మళ్లీ అంది, గోడతో చెప్పుకుంటున్నట్టుగా. "మా తవిటయ్యకి అప్పటికి ఏడాది నిండింది. తోడికోడళ్లు నవ్వేవోరు. మా అత్త వేపాకు నూరి తనే నా రొమ్ముకి రాసింది, కదలకండా నా భుజాలు పట్టుకుంది. గుంటడు నాలిక పెట్టి చూసి, నా మొహంలోకి చూశాడు. ఏడవనేదు. మరి నా దగ్గరికి రానేదు. ఇప్పుడు వాడికే మనవడు పుట్టాడు. ఎప్పుడైనా వస్తాడు. గుమ్మంలోనే నించుని మాటాడి ఎల్లిపోతాడు."

సూరీడమ్మ తడిబట్టలు గుమ్మంలో దించి ఆవిడకేసి చూసింది.

"అలా చూస్తావేటి? తీసుకో నీ బిడ్డని" అని కసిరింది అచ్చియ్యమ్మ. సూరీడమ్మ వంగింది. కానీ వాడి వీపు మీదున్న ముసలావిడ మంచి చెయ్యి పట్టు సడలలేదు. సూరీడమ్మ వాడి మోకాలు ఒక్కటీ కట్టు మీదనుంచి పక్కకి జరిపి, ఆవిడ పక్కనే కూర్చుని, వాడు లేచేదాకా చూసింది.

చెయ్యి అతికాక అచ్చియ్యమ్మ మళ్లీ పందిట్లోకి వచ్చింది. ఆ సాయంత్రం జనం నిండుగా ఉన్నారు. గురువుగారు చెబుతుండగా గవర్రాజు తల్లి కొంగు లాగాడు. "ఇంకా మానిపించనేదా? సిగ్గు నేదా నీకు?" అంది అచ్చియ్యమ్మ, ఎప్పటి గొంతుతోనే. ఆడవాళ్లు నవ్వు పెదవుల దగ్గర పెట్టుకుని, సూరీడమ్మ లేస్తుందని చూశారు. ఆమె లేవలేదు. బిడ్డను ఒడిలోకి తీసుకుని, పైట కప్పి, పాలిస్తూ పాఠం వింది. రామినాయుడు మొదట తల తిప్పుకున్నాడు. తర్వాత బిడ్డ కాలు ఒడిలోంచి జారుతుంటే చెయ్యి చాపి సర్దాడు. కాసేపటికి నవ్వేవాళ్లు కూడా పాఠంలో పడ్డారు.

అందరూ వెళ్లాక సూరీడమ్మ గురువుగారికి దణ్ణం పెట్టి, "బాబూ, అచ్చియ్యమ్మ మామ్మ ఇవాళ కూడా నన్ను ఆ మాటే అంది" అని చెప్పింది. ఆమె గొంతులో ఫిర్యాదు లేదు.

గురువుగారు పక్కనున్న తాడు ఒళ్లోకి తీసుకుంటూ, "నిన్నేనా?" అన్నారు.