పెంటకుప్ప మీద పక్క వేసిన నక్క

కొండవాలున ఉన్న జంతువుల పల్లెకి ఆ ఏడు చైత్రం వచ్చింది గానీ, చలి మాత్రం వెళ్లలేదు. మోదుగు చెట్లు తొందరపడి పూసి, పొద్దున్నే మంచులో తలలు వేలాడేసుకుని నిలబడ్డాయి. కుందేళ్లవాడ వాళ్లు అందరికంటే ముందు బెండ గింజలు నాటారు. అవి కుళ్లిపోయాయని అందరికంటే ముందు ఏడ్చారు కూడా. ఆ వాడలో ఏ పనైనా అంతే.

ముసలి ఎద్దు భద్రయ్య మాత్రం తొందరపడలేదు. తొందరపడడానికి అతనికి ఓపిక లేదు. కుడి మోకాలు మడత పడదు. పళ్లు అరిగిపోయి ఎండుగడ్డి నమలలేడు. పెరట్లో కాసే లేత సొరకాయలూ, సొర ఆకులే అతని తిండి. నిరుడు పందిరి మీద ఎండనిచ్చిన ఒకే ఒక్క కాయలోంచి పురుగు పట్టని గింజలు పద్నాలుగే దక్కాయి. వాటిని నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, వెచ్చగా ఉంచమని కోడి పుల్లమ్మకి అప్పగించాడు. పుల్లమ్మ ఆ మూటని పొదిగింది. గుడ్లనైనా అంత శ్రద్ధగా పొదగలేదని ఆమె పిల్లలే చెబుతారు.

"అన్నయ్యా, తెల్లగా మొలకలొచ్చాయి," అంది పుల్లమ్మ ఒక పొద్దున్న. "నాలుగు రోజుల్లో మట్టిలో పడకపోతే మూటలోనే కుళ్లుతాయి. తర్వాత నేను చెప్పలేదనకు."

"పాదులు తియ్యాలి. ఎరువు వెయ్యాలి." ఆ మాటలకే భద్రయ్య అలిసిపోయాడు.

"వెయ్యి మరి. ఎవరొద్దన్నారు?"

భద్రయ్య పెరటి మూలకి చూశాడు. ఏడాది పొడుగునా తను పోగుచేసిన పెంటకుప్ప సన్నగా ఆవిర్లు కక్కుతోంది. దాని మీద నక్క సింగన్న వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పెంట మాగేటప్పుడు లోపల వేడి పుడుతుంది. చలికి ఒక్క పూట కాచుకుంటానని వచ్చి, ఆ వెచ్చదనం మరిగి, నెలన్నరగా దిగలేదు.

"అల్లుడూ, పాదుల్లోకి ఎరువు కావాలి. కాస్త లేస్తావా?"

"ఇంటికొచ్చిన అల్లుణ్ణి పక్క మీంచి లేపడం ఏం మర్యాద మావయ్యా?"

ఏ పిల్లనిచ్చాడని సింగన్న అల్లుడయ్యాడో పల్లెలో ఎవరికీ తెలియదు. భద్రయ్యకి అసలు పెళ్లే కాలేదు.

"పైగా వేడి కూడా మునుపటిలా లేదు," అన్నాడు సింగన్న. "వీపు ఒక పక్కే కాగుతోంది. పట్టించుకునే దిక్కులేదు."

పదేళ్ల కిందటైతే భద్రయ్య ఒక్క కుమ్ము కుమ్మేవాడు. ఇప్పుడు కుమ్మాలంటే ముందు మోకాలిని బతిమాలుకోవాలి. కాసేపు నెమరేశాడు. నోట్లో ఏమీ లేదు, అలవాటు అంతే.

"కదలకుండా ఉంటే చల్లారుతుంది అల్లుడూ. అడుగునున్నది తిరగేస్తే మళ్లీ కాగుతుంది. గుంట తీసి అందులో వేసుకుంటే గాలి కూడా తగలదు."

"గుంట ఎవడు తీస్తాడు?"

"నా వల్ల కాదు. అయినా నీకంత అవసరం లేదులే."

అక్కర్లేదని ఎవరైనా అంటే సింగన్నకి అది వెంటనే కావాలి. వాళ్ల వంశమే అంత. పందిరి పక్కన ఎండపడే చోట మూరెడు లోతు గుంట తవ్వి, విరిగిన తట్టతో ఎరువు మోసి నింపి, అందులో ముడుచుకున్నాడు. సాయంత్రానికి గుంట వెచ్చగా కాగింది.

"చూశావా పుల్లమ్మా, బుర్ర ఉండాలి."

"చూస్తూనే ఉన్నా," అంది పుల్లమ్మ మూట మీంచి లేవకుండా.

మర్నాడు పొద్దుటికి గుంట చల్లబడింది. అంత కొంచెం ఎరువు ఎంతసేపని కాగుతుంది?

"మావయ్యా, ఇది ఆరిపోయింది."

"ఇంకోటి తియ్యి. బారెడు ఎడం ఉంచు, దగ్గరైతే గట్టు విరుగుతుంది."

ఒకటి ఆరినా ఒకటుంటుందని సింగన్న ఆ రోజు రెండు తీశాడు. రెండూ ఆరిపోయాయి. మూడో రోజు మొండికేసి నాలుగు తీశాడు. నాలుగో రోజు పొద్దున్న కుప్ప ఉన్నచోట నేల కనిపించింది. సింగన్న నడుం పట్టుకుని వచ్చాడు.

"ఏడింటిలోనూ పడుకుని చూశాను మావయ్యా. ఎక్కడా వేడి లేదు."

"ఆ చివరిది?"

"అదీ చల్లగానే ఉంది."

"కడుపు ఆనించి చూడు. వేడి మిగిలితే మొలక మాడిపోతుంది."

సింగన్న వెళ్లి కడుపు ఆనించాడు. "మంచుముద్దలా ఉంది," అన్నాడు. అన్నాక ఆగాడు. "ఏ మొలక?"

పుల్లమ్మ అప్పటికే మూట విప్పింది. పాదుకి రెండేసి చొప్పున గింజలు పెట్టి, కాలితో మట్టి కప్పుకుంటూ వస్తోంది.

"మోసం చేశావు మావయ్యా."

"తిరగేస్తే కాగిందా లేదా?"

"కాగింది."

"గుంటలో గాలి తగిలిందా?"

"లేదు."

"మరింకేం."

  సింగన్న వణుక్కుంటూ కంచె దాటబోతుంటే భద్రయ్య వెనక నుంచి పిలిచాడు.

"అల్లుడూ, ఆ తట్ట ఇక్కడే పెట్టి వెళ్లు."

తర్వాత ఎండలో మెల్లగా కూలబడ్డాడు. ఏ పనీ చెయ్యకుండానే బాగా అలిసిపోయాడు.

పరుల కుప్ప మీద ఊరికే చలి కాచుకునేవాడు ఏదో ఒకనాటికి ఆ కుప్పని మోసే తీరతాడు.